ఇప్పపూల ఇంక్లైన్

దేవుడు తనను కాపాడాడా, లేక తన వంతు దెబ్బను పక్కవాడి మీదికి తోసి ఊరుకున్నాడా? ఈ అనుమానం సదానందానికి చాలా ఏళ్లుగా ఉంది. ఎవరితోనూ అనలేదు. గుళ్లో అయ్యగారిని అడుగుదామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది గానీ, తీర్థం పుచ్చుకుని బయటికి వచ్చేశాడు. నేరుగా దేవుణ్ణే అడుగుదామంటే దీపం వెలిగించే వేళకు మాట పెగలదు. రోజూ తులసికి నీళ్లు పోసి, నుదుట బొట్టు పెట్టుకుని, శనివారం ఒంటిపూట ఉండే మనిషి ఇలాంటి ప్రశ్న వేస్తే బాగుంటుందా అని దేవుడి దగ్గర కూడా మొహమాటపడేవాడు.

సంగతి ఇదీ. సదానందం, గులాం అలీ గోదావరిఖనిలో ఒకే గనిలో బొగ్గు నింపేవాళ్లు. కొడుకు పుట్టినందుకు మొక్కు చెల్లించడానికి సదానందం మేడారం జాతరకు పోవలసి వచ్చింది. జాతర రోజుల్లో సగం గని అక్కడే ఉంటుంది కనుక సెలవు దొరకలేదు. అప్పుడు గులాం అలీ, "నువ్వు పో సదన్నా. నీ డ్యూటీ నేను జేస్త. మా ఈద్ నాడు నా డ్యూటీ నువ్వు జేద్దువు" అన్నాడు. సదానందం వనదేవతల గద్దెల ముందు నిలువెత్తు బెల్లం సమర్పించి కళ్లు మూసుకున్న పూటే, భూమి కింద కప్పులోంచి రాతిపలక ఒకటి ఊడి గులాం అలీ ఎడమకాలి మీద పడింది. ఆ చోట నిలబడవలసింది సదానందం.

కాలు నిలిచింది గానీ వంకర పోయింది. గులాం అలీకి పైన పని ఇచ్చారు. గనిలోకి గాలి ఆడించే పెద్ద ఫ్యాను దగ్గర ఖలాసీ ఉద్యోగం. బొగ్గు నింపేవాడు ఫ్యాను నడపకూడదు, ఫ్యాను నడిపేవాడు బొగ్గు నింపలేడు. దాంతో ఇచ్చిపుచ్చుకోవడానికి దారే లేకుండా పోయింది. ఆ ఒక్క డ్యూటీ అలాగే బాకీ పడింది. ఎప్పుడు కలిసినా గులాం అలీ నవ్వుతూ, "ఒక్క డ్యూటీ ఉన్నవ్ సదన్నా, యాది పెట్టుకో" అనేవాడు. అతనికి అది నవ్వులాట. సదానందానికి మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా గద్దెల దగ్గర బెల్లం వాసన గుర్తుకొచ్చేది.

ఇద్దరూ రిటైరయ్యాక మళ్లీ ఒకే చోట పనికి కుదిరారు. గోదావరి దాటి, చెన్నూరు పోయే తోవలోంచి అడవి వైపు మళ్లి, తారు రోడ్డు అయిపోయాక కూడా చాలాసేపు పోతే రాజకుమారి తోట వస్తుంది. ఆమె జ్యోతినగర్‌లో బడిపిల్లలకు కెమిస్ట్రీ చెప్పేది. తండ్రి పోయాక మిగిలిన ఈ బీడును అమ్మమని అందరూ చెబుతుంటే, ఉద్యోగం మానేసి ఇక్కడికొచ్చి కూర్చుంది. ఇప్పపూలతో, నేరేడు పళ్లతో వైను తీస్తుంది. మూడు మట్టి గదులు కట్టి, అడవి చూడటానికి వచ్చేవాళ్లకు ఇస్తుంది. ఆ డబ్బుతో తోట చుట్టూ ఉన్న ఇప్పచెట్లను, వాటి కింద తిరిగే జీవాలను కాపాడుతుంది.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. పొద్దు గుట్ట పైకి వచ్చేదాకా ఇప్పచెట్ల కిందికి మనిషి అడుగుపెట్టకూడదు. రాత్రి రాలిన పూలలో ముందు వంతు జింకలది, దుప్పులది, ఎలుగుబంట్లది. తరువాతే ఊరివాళ్లు వచ్చి మిగిలినవి ఏరి ఆమెకు అమ్మాలి. ఏరడం సులువవుతుందని చెట్ల కింద ఆకులకు నిప్పుపెట్టే పాత అలవాటును కూడా మాన్పించి, పాత చీరలు పరిపించింది. ఊళ్లో చాలామంది ఒప్పుకున్నారు. ఆగయ్య మాత్రం ఒప్పుకుని కూడా గొణుగుతూనే ఉండేవాడు. పూలు ఏరబోయి ఎలుగు పంజాకు ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి అతను.

ఎండాకాలం ఇక్కడి వేడికి పూల రసం పులిసి పాడైపోతుంది. అందుకని రాజకుమారి గుట్టలోకి చల్లటి గది తవ్వించాలనుకుంది. ఆ పని పెద్దరికం సదానందం, గులాం అలీలకు దక్కింది. ఇద్దరు గని కార్మికులు గుట్టను తవ్వితే ఏం తయారవుతుంది? గనే తయారైంది. పొడవాటి సొరంగం దారి, పైన ఇనుప దూలాలు, దారికి మొదట్లో ఒక తలుపు, చివర గది ముందు ఇంకో తలుపు, గది వెనక ఫ్యాను. నీళ్లు నిలవకుండా లోపలికి పోయేకొద్దీ దారి కొంచెం ఎత్తు. దారి గోడలో మనిషి ఒదిగి నిలబడేటంత గూడు కూడా తొలిచారు. పట్టాల మీద బొగ్గు డబ్బాలు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవడానికి గనిలో అలాంటివి ఉంటాయి, మ్యాన్‌హోల్ అంటారు.

"ఇక్కడ డబ్బాలు ఏమొస్తయి కాకా?" అని రాజకుమారి నవ్వింది.

"ఏమో మేడం. అది లేకుంటె మాకు లోపలికి పోబుద్ధి గాదు" అన్నాడు సదానందం.

వాలు దారి ఉన్న గనిని పిలిచినట్టే, అందరూ దాన్ని ఇంక్లైన్ అనే పిలిచేవారు. గని ముందు మైసమ్మ ఉండాలి గనుక, లోపలి తలుపు పక్కన, దారి వైపు, మోకాలెత్తులో చిన్న గూడు చేసి సదానందం అమ్మవారిని పెట్టుకున్నాడు. రోజూ తెల్లవారుతూనే దీపం వెలిగిస్తాడు. అతని భార్య లస్మవ్వ మాత్రం ఊరుకునేది కాదు.

"పొద్దుగాల తులసమ్మకు నీళ్లు, పగటీలి సారకు కాపల. ఏ దేవుడు మెచ్చుతడయ్యా నిన్ను?"

"సార గాదే, వైను."

"ఆ, పేరు మార్చంగనే పాయసమైతది!"

ఆ మాట అతనికి కొంచెం గుచ్చుకునేది. గులాం అలీకి అలాంటి బాధ లేదు. "తాగుడు నాకు హరాం. ఫ్యాన్ తిప్పుడు హరాం గాదు. నేను గాలికి నౌకరున్న, సీసల ఏమున్నదో నాకెందుకు?" అనేవాడు. అతనికి ఫ్యాను నిజంగానే ప్రాణం. పూలరసం పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు వస్తుంది. గాలికన్నా బరువు, నీళ్లలాగా కింద చేరి పైకి నిండుతుంది. గనిలో దాన్ని ఇద్దరూ ఎరుగుదురు. అది నిండిన చోట దీపం ఆరుతుంది, తరువాత మనిషి.

ఆ రోజు తెల్లవారక ముందే కరెంటు పోయింది. సదానందం స్నానం చేసి, దీపం, నూనె సీసా పట్టుకుని ఇంక్లైన్‌కు వచ్చేసరికి తూర్పు తెల్లబడుతోంది. బయటి తలుపు బార్లా తెరిచి ఉంది. గోడకు గులాం అలీ చేతికర్ర ఆనించి ఉంది. ఏ చెట్టు చాటుకో పోయి ఉంటాడనుకున్నాడు. మనసులో గోవింద నామాలు చదువుకుంటూ లోపలికి నడిచాడు. లోపలి తలుపు కూడా తెరిచే ఉంది. దాని వెనక గది చీకటిగా ఉంది.

మైసమ్మ ముందు కూర్చుని దీపం వెలిగించాడు. ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. వత్తి నీలంగా ముడుచుకుని మళ్లీ కొండెక్కింది. లస్మవ్వ మాట గుర్తొచ్చింది. సారాయి పెట్టే చోట దీపమేమిటని అమ్మకు కోపం వచ్చిందా? 'తప్పయితె క్షమించు తల్లీ' అనుకున్నాడు. అంతలో కాళ్లకు చల్లగా ఏదో తాకుతున్నట్టు అనిపించి, ఓహో, తలుపు తీసి ఉండటం వల్ల గాలి కొడుతోంది అని తేల్చుకున్నాడు.

గనిలో గాలి తలుపు తెరిచి వదలడం పెద్ద నేరం. దాటినవాడు దాన్ని మూసే ముందుకు కదలాలి. మూయకపోతే గాలి దారి తప్పి, దూరాన పనిచేసేవాళ్లకు అందదు. ఉద్యోగమంతా చేతికి పట్టిన అలవాటు అది. "గులాం భాయికి వయసు మీద వడ్డది, తలుపు గూడ మూస్తలేడు" అని గొణుక్కుంటూ, లోపలికి తొంగైనా చూడకుండా సదానందం తలుపు తోసి మూసి, ఇనుప గడియ వేశాడు.

మూడోసారి దీపం నిలిచింది. పచ్చగా, నిటారుగా వెలిగింది. అమ్మ ఒప్పుకుందని అతనికి కళ్లు చెమర్చాయి. మూడుసార్లు దండం పెట్టుకుని, తేలికైన మనసుతో చాయ్ తాగడానికి వంటపాక వైపు పోయాడు.

గ్లాసు సగం కూడా తాగలేదు. అతిథులను చూసుకునే హర్షిణి మంచె దిగి పరుగున వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులను పొద్దున్నే అక్కడికి తీసుకుపోయింది, ఇప్పపూలు తినడానికి వచ్చే తల్లి ఎలుగును చూపిస్తానని.

"కాకా, పిల్ల ఒక్కతే ఉన్నది. ఇప్పచెట్టెక్కి ఒకటే ఏడుస్తున్నది. తల్లి కనవడ్తలేదు."

"గీడనే ఏడనో మేస్తుండొచ్చు బిడ్డా."

"తల్లి ఇంక్లైన్ దిక్కు నడిసిపోవుడు చూసినమన్నడు ఆ సారు. చీకట్ల. ఫొటో రాలేదని బాధపడుతున్నడు ఇంక."

సదానందం గ్లాసు కింద పెట్టేశాడు. తెరిచిన రెండు తలుపులు. గోడకు ఆనించిన కర్ర. కరెంటు లేదు, ఫ్యాను చప్పుడు లేదు. మోకాలెత్తులో రెండుసార్లు ఆరిన దీపం. తలుపు మూయగానే నిలిచిన దీపం. ఒకదాని వెంట ఒకటి అన్నీ వరుసన వచ్చి నిలబడ్డాయి. ఫ్యాను ఆగిందని గులాం అలీయే తలుపులు తెరిచాడు, వాయువు నీళ్లలా దారి వెంట బయటికి జారిపోవాలని. అదే తన కాళ్లకు చల్లగా తాకింది. తాను దానికి కట్ట వేసి వచ్చాడు.

గుట్ట మీదికి పరుగెత్తాడు. గది పైభాగంలో గాలి కోసం పెట్టిన చిన్న రోషన్‌దాన్ ఉంది. దాని చెక్క బెత్తెడు తెరుచుకుని ఇరుక్కుపోయింది. మూతి ఆనించి పిలిచాడు.

"గులాం భాయ్! లోపలున్నవా?"

లోపలినుంచి గుసగుస వచ్చింది.

"మెల్లగ... మెల్లగ మాట్లాడు సదన్నా. కిందనే ఉన్నది."

"ఏడున్నవ్ నువ్వు?"

"పై అరుగు మీద. రోషన్‌దాన్ తీద్దామని ఎక్కిన. దిగేటాల్లకు గుడ్డెలుగు వచ్చి పూల సంచులు సింపుతున్నది. తిని పోతది గదా అని ఊపిరి వట్టుకున్న. గంతల మనిషి అలికిడికి అది గూడ సప్పుడాపింది, ఎవడో కమ్‌బఖ్త్ తలుపేసిండు."

సదానందం కంతకు ఇంకా దగ్గరగా వంగాడు.

"నేనే భాయ్."

"గట్లనా" అన్నాడు గులాం అలీ, వర్షం వస్తుందట అంటే అన్నట్టు. "అయితే నువ్వే తియ్యాలె. జర జల్ది. నాకు తల తిరుగుతున్నది."

రోషన్‌దాన్ చెక్కను పీకబోతే, ఇనుప చట్రంలో బిగుసుకుని కదలలేదు. కదిలినా మనిషి పట్టే కంత కాదు. రాజకుమారి అప్పటికే గుట్ట ఎక్కి వచ్చింది. విషయం వినగానే ఆమె ముఖం పాలిపోయింది గానీ మాట తొణకలేదు.

"నిన్ననే నాలుగు కొత్త తొట్లు నింపినం. ఇయ్యాల మస్తు పులుస్తుంటయి. గ్యాసు అరుగు దాక రావడానికి ఎక్కువసేపు పట్టదు కాకా. జనరేటరు మంచిర్యాలల రిపేరుకున్నది." అటవీ శాఖవాళ్లకు అప్పుడే ఫోను చేసింది. మత్తుమందు తుపాకి పట్టుకుని వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుందట. "అంతసేపు ఆయనకు లేదు. తలుపు ఇప్పుడే తియ్యాలె."

లోపలినుంచి ధడేల్మని చప్పుడు వచ్చింది. ఎలుగు తలుపును గుద్దుతోంది. దూరాన చెట్టు మీదినుంచి పిల్ల ఏడుపు, దానికి జవాబుగా గుట్ట లోపలినుంచి తల్లి గుర్రుమనడం.

అంతలో పూలు ఏరడానికి వచ్చిన ఊరివాళ్లకు కబురు అందింది. ఆగయ్య ముందు, పది పన్నెండుమంది మగవాళ్లు వెనక, గొడ్డళ్లు, కర్రలు పట్టుకుని బయటి తలుపు ముందు చేరారు. ఒకడు ఎండుమిరపకాయల పొగ పెడదామన్నాడు. ఇంకొకడు తలుపు పక్కన మాటేసి, బయటికి తల పెట్టగానే నరుకుదామన్నాడు.

రాజకుమారి వాళ్లకు అడ్డంగా నిలబడింది. "అందరు దూరం జరుగుండ్రి. దానికి తొవ్వ కావాలె."

"తొవ్వనా?" ఆగయ్య ఒంటికన్ను ఎర్రబడింది. "మనిషి లోపల సస్తుంటె గుడ్డెలుగుకు తొవ్వ ఇడువాల్నా మేడం? మీ చుట్టాలకు సూపెట్టుటానికి ఇంకోటి దెచ్చుకోండ్రి. దీన్ని మాత్రం ఇయ్యాల ఇడువం."

"చుట్టాల సంగతి కాదు ఆగయ్యా..."

"నా కన్ను వోయిన నాడు యే మేడం అచ్చింది? పొద్దెక్కినంక రాండ్రి, ముందు వంతు ఇడువుండ్రి అంటె ఇన్నం. ఇంక ఇనుడు లేదు."

వెనకవాళ్లు అవునన్నారు. ఒకడు అప్పుడే మిరపకాయల కోసం ఊరివైపు పరుగెత్తాడు. సదానందం గుట్ట దిగి వచ్చి ఆగయ్య చెయ్యి పట్టుకున్నాడు. గడ్డం పట్టుకుని బతిమాలాలనిపించింది గానీ, నోటికి వచ్చింది వేరే మాట.

"ఆగన్నా, ఒక్కటి జెప్పు. ఆనాడు నువ్వు దాన్ని ముందు కొట్టినవా, అది నిన్ను ముందు కొట్టిందా?"

ఆగయ్య చెయ్యి విడిపించుకోబోయి ఆగాడు. "నేనే కొట్టిన. గొడ్డలి తిరగేసి నెత్తి మీద కొట్టిన."

"కొడితే ఉరికిందా?"

లోపలినుంచి మళ్లీ గుద్దు. ఇనుప గడియ కిర్రుమంది.

ఆగయ్య బయటి తలుపును, దాని వెనక చీకటి దారిని చూశాడు. అతని చెయ్యి తెలియకుండానే పోయిన కంటి గుంట మీదికి పోయింది. "ఉరుకలే," అన్నాడు చివరికి. "దెబ్బ వడ్డంక ఉరుకలే. నా మీదికి మళ్లింది." ఒక్క నిమిషం నేల చూసి, వెనక్కి తిరిగి గద్దించాడు. "ఏందిరా సూస్తున్నరు? ఇప్పుడు దాన్ని కొడితె లోపలికే మళ్లుతది. లోపల సాయిబున్నడు. గొడ్డళ్లు కింద వెట్టుండ్రి. నేరేడు చెట్ల అవతలికి నడువుండ్రి. సప్పుడు చేసినోని నోట్ల మన్ను గొడ్త. ఆ మిరపకాయల పోరణ్ని ఆపుండ్రి ఎవలన్న."

దారి ఖాళీ అయింది. హర్షిణి అతిథులను గదుల్లో కూర్చోబెట్టి తలుపులు వేసింది. ఇప్పచెట్టుకు, ఇంక్లైన్‌కు మధ్య ఎవరూ లేరు.

ఇంక లోపలికి పోవలసింది ఒక్కరే. తాడు కట్టి దూరంనుంచి గడియ లాగే వీలు లేదు. తలుపును ముందుకు నొక్కిపట్టి గడియను పైకి లేపాలి, అదీ ఎలుగు గుద్దనప్పుడు. రాజకుమారి ఏదో అనబోయింది.

"ఏసింది నేను మేడం" అన్నాడు సదానందం. కండువా నడుముకు బిగించాడు. "అది బయటికి రాంగనే మీరు లాంతరు వెలిగించి వట్టుకోండ్రి."

దారిలోకి అడుగుపెట్టగానే పాత గనిలోకి దిగినట్టు ఒళ్లంతా గట్టిపడింది. చివర మైసమ్మ ముందు దీపం ఇంకా నిటారుగా వెలుగుతోంది. తాను సంతోషపడ్డ ఆ వెలుగును ఇప్పుడు చూడలేకపోయాడు. తలుపు వెనక ఊపిరి వినిపిస్తోంది. మనిషి ఊపిరి కాదు. బరువుగా, గరగరలాడుతూ, మధ్యమధ్య తెగుతూ. దాని పక్కన పులిసిన పూల తీపి వాసన.

గుద్దు పడింది. తలుపు అతని భుజానికి తగిలింది. గోళ్లు చెక్కను గీరాయి. ఆగాడు. ఇంకో గుద్దు, ముందుకన్నా మెత్తగా. దానికీ మైకం కమ్ముతోంది. అడుగులు వెనక్కి జరిగిన చప్పుడు విని, భుజంతో తలుపు నొక్కి, రెండు చేతులతో గడియ పైకి లేపాడు. రాలేదు. గుద్దులకు వంగి బిగుసుకుపోయింది. 'అమ్మా' అన్నాడో 'గోవిందా' అన్నాడో అతనికే తెలియదు. మళ్లీ లేపాడు. ఊడింది.

తలుపు లాగి, రెండంగల్లో మ్యాన్‌హోల్‌లోకి దూరి వీపు గోడకు ఆనించాడు.

ఏదీ రాలేదు. ముందు చల్లదనం వచ్చింది. పాదాలు, పిక్కలు, మోకాళ్లు. మైసమ్మ దీపం ఒక్కసారి నీలమై ఆరిపోయింది. కటిక చీకటి. మోకాళ్ల మీద పడి దండం పెట్టుకోవాలని అతని ఒళ్లు తొందరపడింది. పడితే మునిగినట్టే. తల ఎత్తి, గోడకు అతుక్కుని నిలబడ్డాడు. అలాంటి ప్రార్థన జీవితంలో ఎప్పుడూ చేయలేదు. చేతులు జోడించలేదు, కళ్లు మూయలేదు, ఒక్క నామం కూడా గుర్తు రాలేదు.

అప్పుడు అడుగులు. తడబడుతూ, గోడకు రాసుకుంటూ వస్తున్నాయి. ముతక వెంట్రుకలు అతని ముంజేతిని తాకాయి. అది ఆగింది. వేడి ఊపిరి అతని పొట్ట మీద పడింది, ఇప్పపూల వాసనతో. సదానందం ఊపిరి బిగబట్టాడు. చెవుల్లో నెత్తురు గనిలో ఫ్యానులాగా మోగుతోంది.

బయట పిల్ల ఏడ్చింది.

ఊపిరి పక్కకు తిరిగింది. ఆ బరువు అతన్ని దాటి, వెలుతురు వైపు కదిలింది. దారి మొదట్లో ఒక్క క్షణం నల్లగా, పెద్దగా కనిపించి, తాగినవాడిలా ఊగి, మాయమైంది.

"వోయింది! చెట్టు దిక్కు వోయింది!" అని ఎవరో అరవకుండా అరిచారు.

రాజకుమారి లాంతరుతో లోపలికి వచ్చింది. "గులాం కాక సప్పుడు ఆగిపోయింది" అంది. గది ముందు నిలబడి లాంతరును కిందికి దించారు. మోకాలి దగ్గర ఆరబోయింది. ఛాతీ ఎత్తుకు లేపితే మళ్లీ నిలిచింది. "పోదమా?" అని ఆమె అతని ముఖంలోకి చూసింది. "తల పైనే ఉండాలె. వంగొద్దు" అన్నాడు.

గులాం అలీ అరుగు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. మూతి రోషన్‌దాన్ కంత వైపే ఉంది. సదానందం తొట్టి అంచున కాలు పెట్టి, అతణ్ని భుజం మీదికి లాక్కున్నాడు. ఆ వంకర కాలు ఛాతీకి గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఆ కాలిని అతను ఒక్కసారీ ముట్టుకోలేదు. తూలుతూ బయటికి వచ్చి, ఎండలో చీర మీద పడుకోబెట్టాడు. ముఖం నల్లబడి ఉంది.

"భాయ్. గులాం భాయ్. ఓ సాయిబూ!"

రాజకుమారి తల వెనక్కి వంచి నోట్లోకి ఊపిరి ఊదింది. ఒకసారి. ఇంకోసారి. ఆగయ్య కండువా తడిపి తెచ్చి నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దం సదానందానికి మేడారంనుంచి తిరిగివచ్చి కబురు విన్న నాటి నిశ్శబ్దంలాగే ఉంది. మళ్లీ తన మూలానే వీడు పడిపోయాడు. మళ్లీ తన నోట్లో దేవుడి పేరుంది.

గులాం అలీ దగ్గాడు. ఒళ్లంతా కుదిపేలా దగ్గి, కళ్లు తెరిచి, చుట్టూ ఉన్న ముఖాలను ఒకటొకటిగా చూశాడు.

"ఫ్యాన్..." అన్నాడు. "కరెంటు అచ్చిందా?"

ఆగయ్య భళ్లున నవ్వి, మరుక్షణమే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇప్పచెట్టు కింద ఏమీ లేదు. తల్లి వీపు మీదికి పిల్ల ఎక్కి కూర్చుందని, గడ్డిలోకి పోయిందని హర్షిణి తరువాత చెప్పింది. హైదరాబాదు సారు ఈసారీ ఫొటో తీయలేదు. గది కిటికీలోంచి చూస్తూ కెమెరా సంగతే మరిచాడట.

చెన్నూరు దవాఖానలో గులాం అలీకి ఆక్సిజన్ పెట్టి, పగలంతా ఉంచుకుని పంపారు. మరునాడు పనికి రావద్దని రాజకుమారి గట్టిగా చెప్పింది. ఆ సాయంత్రమే ఆమె లోపలి తలుపు గడియ పీకించేసింది. మనిషి మూసినా లోపలినుంచి తెరుచుకునే తలుపు పెట్టిస్తానంది, బయట జీవాలు దూరకుండా కమ్మీల గేటు పెట్టిస్తానంది. ఎండు పూల సంచులను వేరే కొట్టంలోకి మార్పించింది. ఆ సంచులు మోసినవాడు ఆగయ్య.

ఆ రాత్రి సదానందం గులాం అలీ మంచం పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్లనుంచో మోస్తున్న మాట, అడగాల్సిన చోట కాకుండా, ఇక్కడ బయటపడింది.

"భాయ్, ఆనాడు నేను మేడారం వోకుంటే..."

"పోకుంటె ఏంది? నీ కాలు వంకరయ్యేది. నాది సీదగుండేది."

"అదే. అమ్మ నన్ను కాపాడుటానికి నిన్ను..."

గులాం అలీ దుప్పటి పక్కకు తోశాడు. "నేను గూడ అడిగిన సదన్నా. నమాజుల అడిగిన. వాడు జాతరకు పోతె నాకెందుకిచ్చినవ్ దెబ్బ అని. ఒక్క ఏడు గాదు, మస్తు ఏండ్లు అడిగిన."

సదానందం తలెత్తాడు. ఈ ప్రశ్న ఇంకొకరు కూడా మోస్తున్నారని అతనికి ఎప్పుడూ తోచలేదు.

"ఏం జవాబచ్చింది?"

"రాలే. డ్యూటీకి టైమయ్యేది, లేసి పోయేటోణ్ని." అటు తిరిగి పడుకున్నాడు. "ఇయ్యాల నువ్వే ఏసినవ్, నువ్వే తీసినవ్. గీ లెక్క నాకు దెల్వది. నిద్రవోనీ ఇగ. రేపు ఫ్యాన్ కాడ ఎవలుంటరు?"

"నేనుంట."

మరునాడు పొద్దున సదానందం తులసికి నీళ్లు పోశాడు. మైసమ్మ దగ్గరికి పోయి కూర్చుని, దీపం వెలిగించే ముందు లేచి లోపలి తలుపు తెరిచే ఉందని చూసి, గదిలోకి తొంగి చూసి, "ఎవలన్న ఉన్నరా?" అని కేకేశాడు. అప్పుడే పుల్ల గీశాడు. అమ్మ కోపంగా ఉందో శాంతంగా ఉందో దీపాన్ని చూసి తేల్చుకునే ధైర్యం ఇప్పుడు లేదు. దీపం వెలుగుతుంటే గాలి బాగుందని మాత్రం అనుకున్నాడు. అది కూడా దండం పెట్టదగిన సంగతే అనిపించింది.

ఆ తరువాత ఫ్యాను గదిలో కూర్చున్నాడు. గులాం అలీ కుర్చీ. గులాం అలీ నూనె గుడ్డ. బేరింగుకు నూనె వేశాడు, బెల్టు తడిమి చూశాడు, లాంతరు పట్టుకుని గదిలో నేలదాకా దించి వచ్చాడు. ఫ్యాను చప్పుడు మారితే లేచి నిలబడ్డాడు. లస్మవ్వ అన్నం పంపితే ఒక చేత్తో తింటూ రెండో చెయ్యి స్విచ్చు దగ్గరే ఉంచాడు. ఇంత విసుగు పనిని గులాం అలీ ఇన్నేళ్లు ఎలా చేశాడో అర్థం కాలేదు.

పొద్దు వాలుతుండగా గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"రావద్దన్నరు గదా నిన్ను?"

"పండుకుంటె నడుం నొస్తున్నది." గులాం అలీ లోపలికి వచ్చి, గనిలో డ్యూటీ అందుకునేవాడు నిలబడినట్టు ఎదురుగా నిలబడ్డాడు. "చెప్పు."

సదానందం లేచి నిలబడి, దిగిపోయేవాడు చెప్పవలసినట్టు చెప్పాడు. "ఫ్యాన్ బాగున్నది. బెల్టు బాగున్నది. లోపల గాలి బాగున్నది. తలుపు తెరిసే ఉన్నది."

గులాం అలీ ఫ్యాను మీద అరచెయ్యి పెట్టి కాసేపు విన్నాడు. కుర్చీలో కూర్చుని వంకర కాలు చాపుకున్నాడు. నూనె గుడ్డ అందుకుని భుజాన వేసుకున్నాడు.

"ముట్టింది సదన్నా," అన్నాడు. "నీ డ్యూటీ ముట్టింది. పో ఇగ, ఇంటికి పో."